చూచిరాత మార్చిలో మొదలు కాదు: పదో తరగతి పరీక్షల్లో నిజాయితీ ఎక్కడ జారిపోతోంది?

మార్చి వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే దృశ్యం. పదో తరగతి పరీక్షా కేంద్రాల చుట్టూ నిషేధాజ్ఞలు. పక్కనున్న జిరాక్స్ షాపులు మూత. పోలీస్ స్టేషన్‌లో భద్రపరిచిన ప్రశ్నపత్రాలు పొద్దున్నే బందోబస్తుతో బయల్దేరతాయి. గేటు దగ్గర పిల్లల జేబులు తడిమి లోపలికి పంపుతారు. లోపల ఇన్విజిలేటర్, చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్, సిట్టింగ్ స్క్వాడ్. బయటి నుంచి ఎప్పుడొస్తుందో తెలియని ఫ్లయింగ్ స్క్వాడ్.

పదిహేనేళ్ల పిల్లలు రాసే పరీక్షకు ఇంత కాపలా ఎందుకు అవసరమవుతోంది? ఇంత కాపలా ఉన్నా ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్‌లోకి ఎలా వస్తోంది?

దీనికి సాధారణంగా వినిపించే జవాబు, నిఘా సరిపోలేదని. అందుకే ప్రతి ఏడూ కొత్త ఏర్పాటు ఏదో ఒకటి చేరుతుంది: సీసీ కెమెరా, ప్రశ్నపత్రం మీద సీరియల్ నంబరు, క్యూఆర్ కోడ్. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ పరీక్ష హాల్లో మనం చూసేది కథ చివరి అంకమే. అంతకుముందు నాలుగైదేళ్ల పాటు స్లిప్ టెస్టుల్లో, ప్రాజెక్టు పనుల్లో, ఇంటర్నల్ మార్కుల్లో పిల్లలకు బడి ఒక పాఠం నేర్పి ఉంటుంది. నేర్చుకోవడం కన్నా నేర్చుకున్నట్టు కాగితం మీద కనిపించడమే ముఖ్యమన్నది ఆ పాఠం. అది మార్చిలో ఒక్క వారంలో మరుపుకు రాదు.

ఈ మధ్య ఏం జరిగింది?

ఇటీవలి సంఘటనలు మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది, 2022 ఏప్రిల్, ఆంధ్రప్రదేశ్. కోవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలు రద్దై అందరినీ పాస్ చేశారు. రెండేళ్ల విరామం తర్వాత జరిగిన పరీక్షల్లో మొదటి రోజు నుంచే ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. పరీక్ష మొదలయ్యాకే బయటికి వచ్చాయి కాబట్టి ఇది లీకేజీ కాదని, మాల్‌ప్రాక్టీస్ అని ప్రభుత్వం వాదించింది. పేరు ఏదైనా, పోలీసులు పదుల సంఖ్యలో అరెస్టులు చేశారు. వారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులు ఉన్నారు, ప్రైవేటు బడుల వాళ్లూ ఉన్నారు.

రెండోది, 2023 ఏప్రిల్, తెలంగాణ. ఏప్రిల్ 3న వికారాబాద్ జిల్లా తాండూరులో తెలుగు పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్‌లోకి వచ్చింది. పంపింది పరీక్ష విధుల్లో ఉన్న ఉపాధ్యాయుడేనని తేలింది. మర్నాడు హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ పేపర్. బయటి వ్యక్తి కిటికీ దగ్గరికి చేరి, లోపలున్న ఒక విద్యార్థి ప్రశ్నపత్రాన్ని ఫొటో తీశాడు. ఆ విద్యార్థిని అధికారులు ఐదేళ్లు డీబార్ చేశారు. కుటుంబం హైకోర్టుకు వెళ్తే, మిగిలిన పరీక్షలు రాయడానికి కోర్టు అనుమతించింది.

మూడోది పెద్దగా చర్చకు రాలేదు కానీ ఆలోచించాల్సింది దీని గురించే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అర్ధసంవత్సర పరీక్ష, అంటే ఎస్ఏ-1, గణితం ప్రశ్నపత్రాలు ముందుగానే యూట్యూబ్‌లో కనిపించాయి. 6 నుంచి 10వ తరగతి వరకు పరీక్షను వాయిదా వేయాల్సి వచ్చింది.

ఎస్ఏ-1 బోర్డు పరీక్ష కాదు. ఆరో తరగతి పిల్ల అందులో తప్పితే పోయేదేమీ లేదు. పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు అని టీచరు తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష అది. ఫెయిలైనా నష్టం లేని పరీక్ష పేపర్ కోసం కూడా జనం యూట్యూబ్‌లో వెతుకుతున్నారంటే, సమస్య భయం ఒక్కటే కాదు. అలవాటు కూడా.

ఈ మూడింటిలో మరో పోలిక ఉంది. ఎక్కడా ప్రశ్నపత్రాన్ని పరీక్ష రాస్తున్న పిల్లలు తమంతట తాము బయటికి చేర్చలేదు. పెద్దల చేతులు లేకుండా ఇవేవీ జరిగేవి కావు.

చట్టం ఏం చెబుతోంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నిరోధానికి చట్టం చేసింది. ప్రశ్నపత్రం బయటపెట్టడం, అందుకు సాయపడటం వంటి నేరాలకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, 5 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తెలంగాణలోనూ ఈ చట్టాన్నే వాడుతున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని ఆధారంగానే పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధించింది. ‘మా బడికే మొదటి ర్యాంకు’ అని ఊదరగొడితే జైలు శిక్ష తప్పదని ఉత్తర్వులు ఇచ్చింది.

2024లో కేంద్రం కూడా ఇలాంటి చట్టం తెచ్చింది. కానీ దాని పరిధి యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే, బ్యాంకు నియామకాలు, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ జరిపే పరీక్షల వరకే. పదో తరగతి వంటి రాష్ట్ర బోర్డు పరీక్షలు అందులోకి రావు. ఆ చట్టంలో గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. దాని గురి ముఠాలు, సంస్థలు, పరీక్ష నిర్వాహకుల మీద. అభ్యర్థులకు జైలు శిక్ష వేయడం దాని ఉద్దేశం కాదు.

అంటే చట్టం లేక జరుగుతున్న తప్పు కాదిది. ఇరవై ఏడేళ్లకు పైగా కఠినమైన చట్టమే ఉంది. అయితే ఆ చట్టం పనిచేసేది పబ్లిక్ పరీక్ష జరిగే ఆ కొద్ది రోజులు. మిగతా ఏడాదంతా బడిలో జరిగేది దాని కంటికి కనపడదు.

ఇరవై మార్కుల కథ

నిరంతర సమగ్ర మూల్యాంకనం, అందరూ పిలిచే పేరు సీసీఈ, మంచి ఉద్దేశంతోనే వచ్చింది. మూడు గంటల పరీక్ష ఒక్కటే పిల్లల తెలివికి కొలత కాకూడదని, ఏడాది పొడవునా చేసిన పనికి విలువ ఉండాలని దాని ఆలోచన. అందుకే పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలోని నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే ఎఫ్ఏలకు కేటాయించారు.

ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు. ఒక్కో ఎఫ్ఏలో నాలుగు అంశాలు: తరగతిలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందన, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, అంటే స్లిప్ టెస్ట్. మొదటి మూడింటికి పదేసి, చివరి దానికి 20, మొత్తం 50 మార్కులు. ఇందులో రాత అంశాలంటే పిల్లలు సొంత మాటల్లో రాసేవి. గైడు చూసి ఎక్కించేవి కావు.

కాగితం మీద చక్కగా ఉంది. బడిలో ఏం జరుగుతుందో పదో తరగతి పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ప్రాజెక్టు గడువుకు ముందు రోజు సాయంత్రం స్టేషనరీ షాపులో బొమ్మల చార్టులు కొంటారు. ఒకరి ప్రాజెక్టు పుస్తకం నలుగురి చేతులు మారుతుంది. పుస్తక సమీక్ష పుస్తకం తెరవకుండానే పూర్తవుతుంది. ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే రెండు నిమిషాల్లో తయారు. చాలా బడుల్లో టీచరుకు ఇది తెలుసు. తెలిసినా పదికి పది వేస్తారు. ఎందుకంటే పక్క బడిలోనూ వేస్తారు.

ఇక్కడ టీచర్ల వైపు లెక్క కూడా చూడాలి. నలభై మంది ఉన్న ఒక్క సెక్షన్‌లో ఒక సబ్జెక్టుకు నాలుగు ఎఫ్ఏలు, ఒక్కో దాంట్లో నాలుగు అంశాలు అంటే ఏడాదికి 640 మార్కుల నమోదులు. హైస్కూల్ టీచరుకు ఇలాంటి సెక్షన్లు నాలుగైదు ఉంటాయి. దానికి తోడు యాప్‌లలో అప్‌లోడ్లు, ఇతర విధులు. ప్రతి ప్రాజెక్టునూ చదివి, పిల్లను పిలిచి ప్రశ్నించి మార్కు వేయమంటే టైమెక్కడిదని వాళ్లు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది.

ఈ మార్కులను ఏం చేయాలో రెండు రాష్ట్రాలూ రెండు దారులు తొక్కాయి. ప్రైవేటు బడులు ఇష్టానుసారం 20కి 20 వేసుకుంటున్నాయన్న ఆరోపణలతో ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులను తీసేసింది. విడిగా ఇచ్చే బిట్ పేపర్ కూడా పోయింది. తెలంగాణ 2024 నవంబరు చివర్లో ఇంటర్నల్స్ రద్దు చేస్తున్నట్టు ఉత్తర్వులిచ్చి, మర్నాడే ఆ ఏడాదికి కాదు, వచ్చే ఏడాది నుంచి అని సవరించింది. మళ్లీ 2025 ఆగస్టులో 80-20 పద్ధతినే కొనసాగిస్తామంది.

ఉంచినా తీసేసినా ప్రభుత్వాలు ఒప్పుకుంటున్నది ఒక్కటే. బడి వేసిన మార్కును నమ్మలేకపోతున్నామని.

ఎవరికి నష్టం?

‘అందరికీ 20 వేస్తే అందరూ సమానమే కదా, ఇందులో ఎవరికి నష్టం?’ అని చాలామంది అడుగుతారు. పదో తరగతి మార్కులు పాసు సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతే ఆ మాట నిజమే. అవి అక్కడ ఆగవు.

బాసర, నూజివీడు వంటి ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల సమీకృత బీటెక్‌లో సీటు వచ్చేది పదో తరగతి ప్రతిభ ఆధారంగానే. వేరే ప్రవేశ పరీక్ష లేదు. గ్రామీణ పేద పిల్లలకు ఉన్నత సాంకేతిక విద్య అందాలన్నది ఆ సంస్థల లక్ష్యం. అందుకే ప్రభుత్వ బడిలో చదివినవారికి కొంత అదనపు స్కోరు కూడా కలుపుతారు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలదీ ఇదే దారి. రాత పరీక్ష ఉండదు. పదో తరగతి మార్కులే మెరిట్ జాబితా.

ఇప్పుడు రెండు బడులు ఊహించుకోండి. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో టీచర్లు పట్టుదలగా, నిజాయితీగా ఎఫ్ఏలు జరిపారు. బాగా చదివే పిల్లకు ప్రతి సబ్జెక్టులో 20కి 16 వచ్చాయి. మరో బడిలో ఎవరి ప్రాజెక్టూ చదవకుండా అందరికీ 20కి 20 వేశారు. ఆరు సబ్జెక్టులకు తేడా 24 మార్కులు. పబ్లిక్ పరీక్షలో ఇద్దరూ సమానంగా రాసినా, 600 మార్కుల మెరిట్ జాబితాలో మొదటి పిల్ల ఎంతో వెనక్కి జరిగిపోతుంది. ఒక్క మార్కు దగ్గర పదుల మంది నిలబడే జాబితాలో 24 మార్కులంటే సీటు రావడానికి, రాకపోవడానికి మధ్య తేడా.

ఆ పిల్ల చేసిన తప్పు నిజాయితీ ఉన్న టీచరు దగ్గర చదవడమే. వచ్చే ఏడాది ఆ టీచరు ఏం చేస్తారు? తన పిల్లలకు అన్యాయం జరగకూడదని తనూ 20 వేస్తారు. నిజాయితీ కరిగిపోయేది ఇలా. చెడ్డవాళ్ల వల్ల కన్నా, మంచివాళ్లకు వేరే దారి మిగలకపోవడం వల్ల.

రెండో నష్టం ఇంకా పెద్దది, కానీ కంటికి కనిపించదు. 2023లో ‘అసర్’ సర్వే దేశంలోని 28 జిల్లాల్లో 14-18 ఏళ్ల వారిని పరీక్షించింది. వారిలో దాదాపు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతమే. వీళ్లలో ఎక్కువమంది ఏదో ఒక బడిలో పరీక్షలు రాస్తూ వచ్చినవారే. వారి రికార్డుల్లో ఆ వెనుకబాటు కనిపించి ఉంటే, ఆరో తరగతిలోనే ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని చదివించేవారు.

ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ పరిశోధన ఈ విషయాన్ని నేరుగా చూపింది. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్షల ఫలితాలను స్వతంత్రంగా మళ్లీ తనిఖీ చేస్తే, అధికారిక మార్కులు పిల్లల అసలు స్థాయిని బాగా ఎక్కువ చేసి చూపాయి. వెనుకబడిన పిల్లల సంఖ్యను తక్కువ చేసి చూపాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద రాసిన పరీక్షల్లో మార్కులు ఉబ్బిపోయాయి. ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల ఫలితాలు స్వతంత్ర తనిఖీకి దగ్గరగా వచ్చాయి. పరీక్షలు పాసు-ఫెయిలుతో సంబంధం లేనివైనా ఫలితం ఇదీ.

థర్మామీటరును చేత్తో పట్టుకుని 98.6 చూపిస్తే జ్వరం తగ్గదు. డాక్టరుకు తెలియకుండా పోతుంది, అంతే.

టీచర్లు, అధికారులు ఎందుకు కళ్లు మూసుకుంటారు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు జిల్లాల ర్యాంకులు ప్రకటిస్తారు. ఏ జిల్లా మొదట, ఏది చివర. చివరనున్న జిల్లాలో సమీక్షలు మొదలవుతాయి. తక్కువ ఫలితాలొచ్చిన బడుల హెడ్‌మాస్టర్లు సంజాయిషీ రాసుకోవాలి. ప్రైవేటు బడికి పాసు శాతం అంటే వచ్చే ఏడాది అడ్మిషన్లు. శీతాకాలం నుంచి వంద రోజుల ప్రణాళికలు, ఉదయం సాయంత్రం ప్రత్యేక తరగతులు నడిచేది ఆ ఒక్క అంకె కోసం.

ఇందులో కష్టపడే టీచర్లు ఎందరో ఉన్నారు. సెలవుల్లోనూ పిల్లలను చదివించేవాళ్లున్నారు. కానీ వ్యవస్థ వారిని అడిగేది ఒకే ప్రశ్న: శాతం ఎంత? నిరుడు 30 మార్కుల దగ్గరున్న పిల్లను 45కు తెచ్చిన టీచరుకు ఇచ్చే గుర్తింపు ఆ ప్రశ్నలో లేదు. పేపర్ బయటికి పంపిన వాళ్లందరూ డబ్బు కోసమే చేశారనుకోవడం సులువు. చాలా చోట్ల ‘మా బడి, మా మండలం, మా పిల్లలు’ అన్న మాటే ఆ పనికి ముసుగు.

ఆంధ్రప్రదేశ్ ఫలితాలను వరుసగా చూస్తే ఈ ఒత్తిడి ఎక్కడిదో అర్థమవుతుంది. 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. 2022లో అది 67.26కు పడింది. అప్పుడు రెండు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. 71 బడుల్లో ఒక్కరూ పాస్ కాలేదు. రెండేళ్లు బడి లేకపోవడం, పేపర్ల తీరు మారడం, ఇంటర్నల్స్ లేకుండా నూరు మార్కులకు రాయడం, ప్రశ్నపత్రాల గొడవ తర్వాత పెరిగిన నిఘా, ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం.

2022 అంకె రాగానే చర్చ అంతా ఎవరి వైఫల్యమన్న దాని మీదే నడిచింది. ఆ రెండు లక్షల మందికి ఏం రాలేదు, ఎక్కడ ఆగిపోయారన్న ప్రశ్న వెనకబడింది. అయితే ఆ ఏడాది ఒక మంచి పనీ జరిగింది. సప్లిమెంటరీలో పాసైన వారిని కంపార్ట్‌మెంటల్ అని వేరు చేయకుండా రెగ్యులర్‌గా పాసైనవారితో సమానంగా చూశారు. తప్పితే మచ్చ పడదన్న భరోసా ఉన్నప్పుడే చీటీ అవసరం తగ్గుతుంది. సీబీఎస్ఈ 2026 నుంచి పదో తరగతికి రెండోసారి బోర్డు పరీక్ష రాసే వీలు కల్పించడం వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది.

మరి నిజాయితీ అలవాటు కావాలంటే?

ఉదయం ప్రార్థన సమావేశంలో నీతి వాక్యాలు చదివిస్తే సరిపోదు. కొన్ని పనులు ప్రభుత్వం చేయాలి, కొన్ని బడి చేసుకోవాలి.

ఒకటి, తక్కువ మార్కు రాసినందుకు శిక్ష ఉండకూడదు. 6 నుంచి 9 తరగతుల ఎఫ్ఏ, ఎస్ఏ మార్కులతో బడులకు ర్యాంకులివ్వడం, హెడ్‌మాస్టర్లను నిలదీయడం మానాలి. ఆ మార్కులు సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికే వాడతామని ముందే చెప్పాలి, చెప్పినట్టే చేయాలి.

రెండు, ఇంటర్నల్స్ తీసేయడం కన్నా తనిఖీ చేయడం మేలు. తెలంగాణలో రికార్డుల పరిశీలనకు బృందాలు వెళ్తాయి. అవి చూసేది ఎక్కువగా కాగితాలు ఉన్నాయా లేవా అన్నది. దానికి బదులు, ప్రతి బడికీ ఇంటర్నల్స్ సగటు, పబ్లిక్ పరీక్ష సగటు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. బడిలో సగటు 20కి 19.5, పబ్లిక్ పరీక్షలో 80కి 35 వచ్చిందంటే అక్కడ ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ అంకెలు రెండూ పరీక్షల విభాగం దగ్గరే ఉంటాయి. కొత్తగా ఖర్చు లేదు. తేడా మరీ ఎక్కువున్న బడుల్లో మరుసటి ఏడాది కొందరు పిల్లలకు స్లిప్ టెస్టు మళ్లీ పెట్టి చూడవచ్చు.

మూడు, ప్రాజెక్టుల సంఖ్య తగ్గించి, మాట్లాడించాలి. నాలుగు ప్రాజెక్టులకు బదులు ఏడాదికి సబ్జెక్టుకు ఒకటే ఉన్నా చాలు. అది నెట్‌లో దొరకనిదై ఉండాలి: మన ఊళ్లో బోర్ల లోతు పదేళ్లలో ఎంత పెరిగింది, మన వీధిలో ఇళ్లకు నెలకు కరెంటు బిల్లు ఎంత, మా అమ్మమ్మ చిన్నప్పటి పంటలు ఏవి. తర్వాత టీచరు మూడు నిమిషాలు ప్రశ్నించాలి. సొంతంగా చేసిన పిల్ల తడబడుతూనైనా చెబుతుంది. కొన్న చార్టు తెచ్చిన పిల్లవాడు చెప్పలేడు. అప్పుడు మార్కు ఎవరికెంతో తరగతి మొత్తానికీ తెలుస్తుంది. టీచరు నమోదు చేయాల్సిన అంకెలూ తగ్గుతాయి.

నాలుగు, ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పడం ఆరో తరగతి నుంచే నేర్పాలి. ప్రాజెక్టు చివర రెండు వాక్యాలు చాలు: ‘ఫలానా పుస్తకం చూశాను. ఫలానా వారిని అడిగాను.’ చాట్‌జీపీటీ వాడితే అదీ రాయాలి, అది చెప్పినదాంట్లో తప్పేమైనా దొరికిందా అన్నదీ రాయాలి. సాయం తీసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు అన్న తేడా పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. మన బడుల్లో చాలామంది పిల్లలకు ఆ తేడా పదో తరగతి దాటినా ఎవరూ చెప్పరు. చూసి రాయడమే చదువని నమ్మి పెరిగినవారిని హాల్లో కూర్చోబెట్టి, చూసి రాస్తే డీబార్ అంటున్నాం.

ఐదు, తప్పుకు తగిన శిక్ష. స్లిప్ టెస్టులో పక్కవాడిది చూసి రాస్తే, వేరే ప్రశ్నతో మళ్లీ రాయించడం చాలు. అందరి ముందు దొంగ అని పిలవడం వల్ల నిజాయితీ రాదు, దొరక్కుండా చేసే నేర్పు వస్తుంది. పబ్లిక్ పరీక్షలో దొరికిన పిల్లలపైనా చర్యకు ముందు వాళ్లు చెప్పేది వినాలి. బెదిరించి లాక్కున్న ప్రశ్నపత్రానికీ, ముందే కుదుర్చుకున్న కాపీకీ ఒకే శిక్ష వేస్తే అది న్యాయం అనిపించుకోదు. కఠినంగా ఉండాల్సింది పేపర్ బయటికి పంపిన పెద్దల మీద.

తల్లిదండ్రులు ఏం అడగవచ్చు?

పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ‘మావాడికి ఎన్ని మార్కులు’ అన్న దానితో ఆగకుండా ఇంకో మూడు ప్రశ్నలు అడగండి.

— ఎఫ్ఏ జవాబు పత్రం చూపిస్తారా? ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి పిల్లలు పరీక్షలు ప్రత్యేక మూల్యాంకన పుస్తకాల్లో రాస్తున్నారు. ఏడాది పొడవునా రాసినవి ఒకేచోట ఉంటాయి. అడిగి తిరగేయండి.

— మా పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిపోయింది? మార్కు చెప్పగలిగి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే, ఆ మార్కు ఎలా వచ్చిందో ఆలోచించాల్సిందే.

— ప్రాజెక్టు బడిలో చేయిస్తారా, ఇంటికి పంపుతారా? ఇంటికి వస్తే మనమే చేసి పెట్టేస్తున్నాం. ఇందులో మన వాటా కూడా ఉంది.

పబ్లిక్ పరీక్ష ఫలితం మీద అనుమానం ఉంటే అడ్డదారులు అక్కర్లేదు. రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 1,000 రూపాయలు చెల్లించి ఫలితాల తర్వాత ఇచ్చే గడువులోగా బడి ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. రీవెరిఫికేషన్‌లో జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. ఫెయిలైతే రెండు రాష్ట్రాల్లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఆ ఏడాదే ఇంటర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరవచ్చు. ఈ సంగతి పిల్లలకు పరీక్షలకు ముందే చెప్పాలి, ఫలితాలొచ్చాక కాదు.

‘పక్కవాళ్లంతా చూసి రాస్తుంటే మావాడొక్కడే నష్టపోవాలా?’ అన్నది ప్రతి ఇంట్లో ఉండే ప్రశ్న. దానికి నీతి బోధతో జవాబు చెప్పలేం. నిజం రాసిన పిల్ల, నిజం రాసిన టీచరు నష్టపోకుండా చూసే ఏర్పాటే జవాబు. అది చేయాల్సింది విద్యాశాఖ. మొదలుపెట్టాల్సింది వచ్చే మార్చిలో కాదు, జూన్‌లో బడి తెరిచాక జరిగే మొదటి ఎఫ్ఏ నుంచి.